ఆదివాసుల గుర్తింపు మీద దేశమంతా ఓటెయ్యొచ్చా? ఆస్ట్రేలియా రెఫరెండం మీద చర్చ

యారా ఒడ్డున (మెల్‌బోర్న్)

2023 జనవరి 26న మా కౌన్సిల్ హాల్లో నాకు ఆస్ట్రేలియా పౌరసత్వం ఇచ్చారు. ఆ తేదీ మనకి గణతంత్ర దినం. ఇక్కడ మాత్రం 1788లో బ్రిటిష్ వాళ్లు సిడ్నీ తీరంలో జెండా పాతిన రోజు. ఆదివాసుల్లో చాలామంది దాన్ని దండయాత్ర దినం అంటారు. కార్యక్రమం మొదట్లో వురుండ్జెరి పెద్దాయన ఒకరు ఆకులు కాల్చి పొగ పెట్టి, మా పూర్వీకుల నేల మీదికి మీ అందరికీ స్వాగతం అన్నారు. ఆ పొగకి మా పాప తుమ్మితే ఆయన నవ్వి దాని నెత్తి మీద చెయ్యి పెట్టారు.

అదే ఏడాది అక్టోబరు 14న నేను ఈ దేశంలో మొదటి ఓటు వేశాను. ఏ అభ్యర్థికో కాదు, రెఫరెండంలో, అంటే ఒక ప్రశ్నకి జనమంతా నేరుగా అవునో కాదో చెప్పే ఓటులో. ఆ పెద్దాయన్నీ ఆయన జనాన్నీ రాజ్యాంగంలో గుర్తించాలా వద్దా అని నన్నడిగారు. నిన్నగాక మొన్న వచ్చిన నన్ను! పోలింగ్ మా పాప చదివే ప్రైమరీ స్కూల్లోనే. ఆ చిన్న గడిలో టిక్కు పెట్టొద్దు, యస్ అనో నో అనో ఇంగ్లీషులో పూర్తిగా రాయండి అని అక్కడి ఆవిడ ప్రతి ఒక్కరికీ చెబుతోంది. యస్ అని రాసి బయటికొచ్చాను కానీ, ఇది నన్ను అడగాల్సిన ప్రశ్నేనా అన్న అనుమానం అప్పుడే పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

సంగతి తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. అబొరిజినల్ ప్రజలూ, టోరెస్ జలసంధి దీవుల వాళ్లూ ఈ దేశపు తొలి ప్రజలని గుర్తిస్తూ 'వాయిస్' అనే సంఘాన్ని రాజ్యాంగంలో పెట్టాలన్నది ప్రతిపాదన. తమకి సంబంధించిన విషయాల్లో అది పార్లమెంటుకీ ప్రభుత్వానికీ తన మాట చెప్పుకోవచ్చు. ఆ మాట వినాలన్న నిబంధన లేదు, దేన్నీ ఆపే అధికారం దానికి లేదు. సభ్యులెవరు, ఎలా పని చెయ్యాలి అన్నవి పార్లమెంటే చట్టంలో రాస్తుంది. ఇంతమాత్రం దానికి 60.06 శాతం మంది వద్దన్నారు. ఆరు రాష్ట్రాలూ వద్దన్నాయి. క్యాన్‌బెరా ఉన్న రాజధాని ప్రాంతం ఒక్కటే అవునంది.

జనాభాలో 4 శాతం లేని వాళ్ల ఉనికిని మిగతా 96 శాతం మంది ఓటేసి తేల్చొచ్చా? మీరేమంటారు? నో రాసిన వాళ్లు కూడా మొహమాటం లేకుండా చెప్పండి.

ఎర్రమట్టి (పెర్త్)

యారా ఒడ్డున గారూ, నేను నో రాశాను. ఇన్నాళ్లయినా మన తెలుగు వాళ్ల మధ్య ఈ మాట పైకి అనలేదు. అంటే ఎలా చూస్తారో తెలుసు. మీరు మర్యాదగా అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ముందు మీ ప్రశ్న. రాజ్యాంగంలో చోటు కావాలన్నది వాళ్లే. 2017 మే నెలలో దేశం నడిబొడ్డున ఉన్న ఉలురు కొండ దగ్గర దేశం నలుమూలల నుంచి వచ్చిన ఆదివాసీ ప్రతినిధులు కూర్చుని, మా గొంతుని రాజ్యాంగంలో పెట్టండని ప్రకటన చేశారు. ఇక్కడ రాజ్యాంగంలో అక్షరం మారాలన్నా జనం ఓటు తప్ప ఇంకో దారి లేదు. అది తెలిసే అడిగారు. ఫలితం వచ్చాక అసలు ఓటు పెట్టడమే తప్పు అనడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇక నా సంగతి. 12 ఏళ్లుగా మా రాష్ట్రం ఉత్తరాన పిల్బరా గనుల్లో పని. రెండు వారాలు సైట్లో, వారం ఇంట్లో. మా షిఫ్టులో డంప్ ట్రక్కు నడిపే ఆదివాసీ మిత్రుడు ఒకాయన ఉన్నాడు. అతనూ నో రాశాడు. "సలహా చెప్పే సంఘం నాకెందుకు? నా నేల గురించి నాతో ఒప్పందం రాసుకోండి" అన్నాడు. ఆదివాసీ సెనేటర్ లిడియా థార్ప్ కూడా ముందు ఒప్పందమే అంది. జసింటా ప్రైస్, వారెన్ మండీన్ లాంటి ఆదివాసీ నాయకులు ఇంకో కారణంతో వద్దన్నారు. పుట్టుకని బట్టి పౌరుల్ని రాజ్యాంగంలో వేరు చెయ్యొద్దు అన్నారు. వీళ్లెవరూ లేనట్టు, ఆదివాసులు అడిగారు, మిగతా వాళ్లు కాదన్నారు అని రాస్తే అది పూర్తి నిజం కాదు.

నా మనసుకి ఎక్కింది ఈ చివరి కారణమే. వలస వచ్చిన వాడికి ఈ దేశంలో దొరికే పెద్ద ధైర్యం ఏమిటంటే, ఎప్పుడొచ్చావు, ఎవరి బిడ్డవు అని చట్టం అడగదు. 1967లో ఇదే జనం ఆదివాసుల కోసం 90.77 శాతం అవునన్నారు. అప్పుడడిగింది వాళ్లని అందరితో కలపడం. 2023లో అడిగింది వాళ్లకి విడిగా ఒక చోటు. జనం రెండుసార్లూ ఒకే మాట చెప్పారనే నా నమ్మకం.

సెక్షన్ 128 (హైదరాబాద్, లా మూడో సంవత్సరం)

ఎర్రమట్టి అన్నా, 1967 గురించి మీరన్నట్టే చాలామంది అనుకుంటారు. కానీ అప్పుడు మారిన వాక్యాలు చూస్తే కథ తలకిందులుగా ఉంటుంది.

1901 రాజ్యాంగంలో 51వ సెక్షన్‌లో ఒక అధికారం ఉంది. ఏ జాతి ప్రజల కోసమైనా కేంద్రం ప్రత్యేక చట్టాలు చేయొచ్చు, 'రాష్ట్రాల్లోని ఆదివాసీ జాతి తప్ప'. 127వ సెక్షన్ ఏమో దేశ జనాభా లెక్కించేటప్పుడు ఆదివాసుల్ని కలపకూడదంది. 1967లో 127ని తీసేశారు, 51లో ఆ 'తప్ప' ముక్క కొట్టేశారు. అంటే ఏమైంది? ఆదివాసుల కోసం ప్రత్యేక చట్టాలు చేసే అధికారం కేంద్రానికి కొత్తగా వచ్చింది. జాతిని బట్టి వేరుగా చూసే అధికారం పోలేదు, ఇంకా విస్తరించింది. ఓటు హక్కు కూడా 1967లో వచ్చింది కాదు. కేంద్ర ఎన్నికల్లో ఓటు హక్కు 1962లోనే చట్టంతో ఇచ్చారు.

ఆ అధికారం వాళ్ల మేలుకే వాడాలన్న షరతు ఎక్కడా రాయలేదు. 1998లో హైండ్‌మార్ష్ ద్వీపం వంతెన కేసులో ఆ మాట తేల్చమంటే హైకోర్టు (అక్కడ అదే సుప్రీం) స్పష్టంగా తేల్చలేదు. 2007లో నార్తర్న్ టెరిటరీ (రాష్ట్రం హోదా లేని ప్రాంతం) లోని ఆదివాసీ సముదాయాల్లో కేంద్రం అత్యవసర చర్యలంటూ దిగినప్పుడు వాటికి జాతి వివక్ష నిరోధక చట్టం వర్తించకుండా పక్కన పెట్టింది. అడ్డుపడే వాక్యం రాజ్యాంగంలో లేదు కనుకే అది కుదిరింది. కాబట్టి వాయిస్ వస్తే రాజ్యాంగంలోకి కొత్తగా జాతి వస్తుందన్న వాదన నిలవదు అన్నా. జాతి అందులో మొదటి రోజు నుంచీ ఉంది. ఎవరి మీద చట్టాలు చేస్తున్నారో వాళ్లని అడిగే పద్ధతి మాత్రం లేదు.

ఇంకొకటి చెప్పి ఆపేస్తా. 1967లో ఈ ప్రశ్న మీద పార్లమెంటులో ఒక్కరూ వ్యతిరేకించలేదు. అందుకే ఇంటింటికీ పంపే అధికారిక పుస్తకంలో దీనికి 'నో' వాదనే లేదు. 2023లో ప్రతిపక్షం ఎదురు తిరిగింది. అక్కడ రాజ్యాంగ సవరణ నెగ్గాలంటే దేశం మొత్తం మీద మెజారిటీ రావాలి, పైగా ఆరు రాష్ట్రాల్లో కనీసం నాలుగు అవునాలి. ఇప్పటిదాకా 45 ప్రశ్నలు అడిగితే నెగ్గినవి 8. చివరిది నెగ్గింది 1977లో, ఇప్పటికి ఎన్నేళ్లో మీరే లెక్కేసుకోండి. పెద్ద పార్టీలు రెండూ కలవకుండా ఒక్కటీ గట్టెక్కలేదు.

యారా ఒడ్డున (మెల్‌బోర్న్)

తమ్ముడూ, 1967 సంగతి నాకూ ఇంత వివరంగా తెలియదు. థాంక్స్.

ఎర్రమట్టి గారూ, మీ మిత్రుడి మాట నేను తీసిపారెయ్యను. కానీ నార్తర్న్ టెరిటరీలో మారుమూల ఆదివాసీ సముదాయాలకి తిరిగే మొబైల్ పోలింగ్ బృందాల దగ్గర పడ్డ ఓట్లు చూడండి. చాలాచోట్ల అవును అన్నవే భారీగా ఎక్కువ. ఆ ఓట్లు దేశం లెక్కలో ఇసుకలో చుక్క నీళ్లలా ఇంకిపోయాయి.

అక్కడ ఇంకో అన్యాయం కూడా ఉంది. నార్తర్న్ టెరిటరీలో దాదాపు 30 శాతం మంది ఆదివాసులే. అయినా అది రాష్ట్రం కాదు కాబట్టి 'నాలుగు రాష్ట్రాల' లెక్కలోకి రాదు. 1967లో అయితే టెరిటరీల వాళ్లకి రెఫరెండంలో ఓటే లేదట, 1977లో గానీ రాలేదు. ఆదివాసుల గురించి దేశమంతా 90 శాతం ఓటేసి పండగ చేసుకున్న రోజున, వాళ్లు ఎక్కువగా ఉన్న నేలకి ఓటు లేదు.

నేను ఆసుపత్రిలో నర్సుని. ఆదివాసీ రోగులకి తోడుగా ఉండటానికి మా దగ్గర ఒక ఆదివాసీ ఉద్యోగిని ఉంది. రెఫరెండానికి ముందు రెండు నెలలు ఆవిడ ఐడీ కార్డు పట్టీకి యస్ అన్న చిన్న బిళ్ల పెట్టుకుని తిరిగింది. ఫలితం వచ్చాక ఆదివాసీ నాయకులు వారం రోజులు మౌనం పాటిస్తామన్నారు. సోమవారం ఆవిడ డ్యూటీకి వచ్చింది. బిళ్ల లేదు. పట్టీ మీద పిన్ను గుచ్చిన రెండు చిల్లులు కనిపిస్తున్నాయి. నేను ఏదో అనబోతే, "నాలుగో బెడ్డు పెద్దావిడ టీ అడుగుతోంది, నువ్వు చూస్తావా?" అని వెళ్లిపోయింది. మా వార్డులో పది మందిమి ఉంటే లెక్క ప్రకారం ఆరుగురు నో రాసి ఉండాలి. అందరి మొహాలూ చూస్తూ ఆవిడ ఆ రోజంతా పని చేసింది.

ఓటు పెట్టకూడదు అని నేను అంటున్నది అందుకే. ఓడిపోయే విధానం ఒక్కటే దొరికినప్పుడు దాన్ని అడిగారు కదా అనడం తేలిక.

పాడేరు మాస్టారు

నేను పాడేరు దగ్గర ఒక కొండ పల్లెలో బడి పంతుల్ని. ఆదివాసీనే. ఆస్ట్రేలియా చూడలేదు, కానీ ఈ చర్చ చదువుతుంటే మా ఇంటి సంగతిలాగే ఉంది.

మొదట మాట గురించి. పేపర్లలో రెఫరెండంని 'ప్రజాభిప్రాయ సేకరణ' అని రాస్తారు. మా ఏజెన్సీలో ఆ మాట వింటే జనానికి గుర్తొచ్చేది వేరు. గనికో, ప్రాజెక్టుకో పర్యావరణ అనుమతి కోసం షామియానా వేస్తారు. కలెక్టరు గారో జాయింటు కలెక్టరు గారో కూర్చుంటారు. చుట్టూ పోలీసులు. మైకులో ఎవరేమన్నా రాసుకుంటారు, సాయంత్రానికి షామియానా విప్పేస్తారు. ఊరంతా వద్దన్నా ఆ వద్దు అనేది ఫైల్లో ఒక కాగితం అవుతుంది, అంతే. అభిప్రాయాన్ని 'సేకరిస్తారు', వన సంత నుంచి చింతపండు సేకరించినట్టు. నిర్ణయం వేరే చోట జరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు అడుగుతున్న వాయిస్ లాంటిది మాకు 1950 నుంచీ రాజ్యాంగంలో ఉంది. ఆదివాసీ ప్రాంతాల గురించి చెప్పే అయిదో షెడ్యూలు, నాలుగో పేరా. పేరు గిరిజన సలహా మండలి. 20 మందికి మించకుండా సభ్యులు, అందులో నాలుగింట మూడొంతులు మా ఎస్టీ ఎమ్మెల్యేలే. ఎవరి ఓటూ అక్కర్లేకుండా, రాజ్యాంగ సభలో పెద్దలు కూర్చుని ఇచ్చారు. మరి మా గూడెంలో పది మందిని పిలిచి సలహా మండలి అంటే ఏమిటని అడగండి, ఎవరికీ తెలియదు. కారణం ఆ పేరాలోనే ఉంది. గవర్నరు పంపిన విషయాల మీద మాత్రమే అది సలహా చెప్పాలి. అడిగితేనే నోరు విప్పాలి. ఎప్పుడు అడగాలో అడిగేవాడి ఇష్టం.

అందుకని యారా ఒడ్డున అమ్మా, రాజ్యాంగంలో చోటు దొరికితే అంతా అయిపోతుందని అనుకోవద్దు. మీ వాయిస్ మా మండలి కంటే ఒక మెట్టు పైన ఉండేది, అడక్కుండానే మాట్లాడొచ్చు కాబట్టి. విని తీరాలన్న మాట అక్కడా లేదు, ఇక్కడా లేదు.

ఎర్రమట్టి (పెర్త్)

మాస్టారూ, నేను అన్నదీ అదే కదా. ఆస్ట్రేలియాలో కూడా 1990లో ఆట్సిక్ అని ఆదివాసులే ఓటేసి ఎన్నుకునే సంస్థ పెట్టారు. 2005లో రద్దు చేశారు. సంఘాలు వస్తాయి, పోతాయి. నీళ్లు, బడి, డయాలసిస్ మెషీన్ రావాలి గానీ ఇంకో సంఘం వల్ల ఏం ఒరుగుతుంది?

పాడేరు మాస్టారు

ఒరగదని నేను అనలేదు బాబూ. సగం చెప్పి ఆపాను, మిగతా సగం ఇదిగో.

అదే అయిదో షెడ్యూలు అయిదో పేరా కింద భూమి బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. 1959లో వచ్చి 1970లో గట్టిపడింది, అందరూ 1/70 అంటారు. మా ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి పేరు మీదికి మారకూడదు. అది లేకపోతే ఈపాటికి అరకు లోయలో మాకు నిలబడటానికి సెంటు ఉండేది కాదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదంది. ఆ గనుల గొడవ నడిచిన బొర్రా, నిమ్మలపాడు పేర్లు మీరు వినే ఉంటారు. ఏ ముఖ్యమంత్రి దయో కాదు, రాజ్యాంగంలో నాలుగు వాక్యాలు ఉన్నాయి కాబట్టి కోర్టు ఆ మాట అనగలిగింది. మీ ఆట్సిక్ మామూలు చట్టంతో పుట్టింది కనక మామూలు చట్టంతో పోయింది. అదీ తేడా.

అలాగని రాసింది కూడా ఎప్పుడూ నిలుస్తుందనీ లేదు. 2000లో జీవో 3 వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని. ఎందుకిచ్చారంటే, మైదానం నుంచి వచ్చిన మాస్టర్లకి పిల్లల భాష రాదు, కొండెక్కి రోజూ రారు. మా బడిలో ఒకటో తరగతిలో చేరిన పిల్ల మంచినీళ్లు ఎలా అడగాలో తెలుగులో రాక మధ్యాహ్నం దాకా ఏడ్చింది. కువి భాషలో నేను పలకరిస్తే లేచి కుండ దగ్గరికి పరుగెత్తింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధం అంది. అప్పటికే చేరిన వాళ్ల ఉద్యోగాలు తియ్యలేదు, అది మాత్రం మేలు. బాబూ, మీరు చెప్పే సమానత్వం గురించి అప్పుడు చాలా ఆలోచించాను. ఆ పిల్లకి సమానత్వం అంటే తన భాష తెలిసిన మాస్టారు దొరకడం.

ఎర్రమట్టి (పెర్త్)

ఈ చివరి మాట నన్ను ఆపింది మాస్టారూ. కొంచెం ఆలోచించుకుని రాస్తాను.

శబరి గట్టు (చింతూరు)

నేను కోయ. మా చింతూరు 2014 దాకా ఖమ్మం జిల్లా, తెలంగాణలోకి వెళ్లాల్సింది. పోలవరం ముంపు అని ముందు ఆర్డినెన్సు, జూలైలో పార్లమెంటు చట్టం, 7 మండలాలు ఆంధ్రలో కలిపేశారు. ఏ రాష్ట్రంలో ఉంటారని మా గూడేల్లో ఒక్కరినీ అడగలేదు. నీళ్లలో మునిగే ఊళ్ల సంగతి సరేసరి. అక్కా, మీరు జనమంతా ఓటేయడం అన్యాయం అంటున్నారు. నిజమే. కానీ ఎవరూ ఓటేయకుండా ఢిల్లీలో ఒక పూటలో తేల్చేస్తే ఎలా ఉంటుందో మేం చూశాం. అక్కడ కనీసం ప్రశ్న ఏమిటో దేశానికంతా తెలిసింది. ఊరూరా ఏడాది మాట్లాడుకున్నారు. మాకు ఆ మాత్రం కూడా దక్కలేదు.

కౌరి చెట్టు (ఆక్లాండ్)

న్యూజిలాండ్ నుంచి ఒక మాట. ఇక్కడ ఓటు బెదిరింపుగా వచ్చింది. 1840లో మావోరీలకీ బ్రిటిష్ రాణికీ వైతాంగి ఒప్పందం జరిగింది. ఆ ఒప్పందం అర్థం ఏమిటో కొత్తగా చట్టంలో రాసి, దాన్ని దేశమంతా రెఫరెండంలో ఆమోదించాలని 2024లో ఒక చిన్న పార్టీ బిల్లు తెచ్చింది. పైకి మాట 'అందరికీ సమాన హక్కులు' అనే. పార్లమెంటులో మావోరీ యువ ఎంపీ ఆ బిల్లు కాగితం చింపి హాకా (మావోరీల సంప్రదాయ నృత్యం) మొదలుపెట్టింది. వేలమంది రోజుల తరబడి నడిచి వెల్లింగ్టన్ వచ్చారు. బిల్లు మీద 3 లక్షలకు పైగా అభ్యంతరాలూ అభిప్రాయాలూ వెళ్లాయి. మా వీధిలో పక్కింటి పాకెహా (తెల్లజాతి) ముసలాయన కూడా కూర్చుని చేత్తో రాసి పంపాడు. 2025 ఏప్రిల్‌లో 112 మంది వ్యతిరేకంగా, 11 మంది అనుకూలంగా ఓటేసి బిల్లు కొట్టేశారు.

శబరి గట్టు తమ్ముడి బాధ నాకు అర్థమైంది. కానీ ఇద్దరి మధ్య ఒప్పందం ఉన్నప్పుడు, అందులో ఒకరి కుటుంబం పెద్దది కదా అని చేతులెత్తించి అర్థం మార్చకూడదు. పొలం గట్టు తగువులో ఎవరింట్లో మనుషులు ఎక్కువుంటే గట్టు వాళ్లది అంటామా?

సెక్షన్ 128 (హైదరాబాద్, లా మూడో సంవత్సరం)

రెఫరెండం లేకుండా గుర్తింపు వచ్చిన చోట్లు ఉన్నాయి. నార్వే పార్లమెంటు 1988లో అక్కడి ఆదివాసులైన సామి ప్రజల కోసం రాజ్యాంగంలో ఒక సెక్షన్ చేర్చింది, మరుసటి ఏడు సామి పార్లమెంటు మొదలైంది. కెనడాలో 1982 రాజ్యాంగంలో 35వ సెక్షన్ ఆదివాసుల హక్కుల్నీ ఒప్పందాల్నీ గుర్తించింది. దానికీ దేశవ్యాప్త ఓటు లేదు. పదేళ్లకి, 1992లో, ఆదివాసీ స్వపరిపాలనతో సహా బోలెడు సవరణలు ఒక మూటగా కట్టి జనం ముందు పెడితే ఓడిపోయాయి. అదే దేశం, పదేళ్ల తేడా. చిలీలో 2022లో కొత్త రాజ్యాంగం దాదాపు 62 శాతం వ్యతిరేకతతో పోయింది, అందులో ఆదివాసీ జాతుల గుర్తింపు కూడా ఉంది. బొలీవియాలో మాత్రం 2009లో నెగ్గింది. కానీ అక్కడ ఆదివాసులు పిడికెడు మంది కాదు, అప్పటి దేశాధ్యక్షుడే ఐమారా అనే ఆదివాసీ జాతి మనిషి. నాకు కనిపిస్తున్న పద్ధతి ఇదే: వాళ్ల సంఖ్య పెద్దదైన చోట రెఫరెండం వాళ్లకి పనికొచ్చింది. మిగతా చోట్ల అరుదు.

ఇంకో మాట. మన దేశం 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటనకి అనుకూలంగా ఓటేసింది, కానీ భారతీయులందరూ ఇక్కడి మూలవాసులే అన్నది మన ప్రభుత్వ వైఖరి. వ్యతిరేకంగా ఓటేసిన నాలుగు దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి, 2009లో మనసు మార్చుకుంది. మన రాజ్యాంగ సభలో ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా, ఆదివాసీ అన్న మాటే కావాలని పట్టుబట్టారు. చివరికి రాసింది షెడ్యూల్డు తెగలు అని. మనకి రక్షణ దొరికింది, పేరు దొరకలేదు.

ఎర్రమట్టి (పెర్త్)

ఆలోచించుకుని వస్తానన్నాను, వచ్చాను.

నా ఓటు తప్పు అని నేను ఇంకా అనుకోవట్లేదు. ఆ ప్రశ్న వేసిన తీరు, ఆ గొడవ, తెలియకపోతే నో అనండి అన్న నినాదం (అది నాకూ నచ్చలేదు), ఇవన్నీ కలిసి నన్ను అటు నెట్టాయి. కానీ ఇక్కడ ఇంతవరకు చెప్పని విషయం ఒకటి ఉంది.

2020 మే నెలలో పిల్బరాలో జుకాన్ గార్జ్ గుహల్ని రియో టింటో అనే గనుల కంపెనీ పేల్చేసింది. 46 వేల ఏళ్ల కిందటి నుంచి మనుషులు మసలిన చోటు. నేను అప్పుడు వేరే సైటులో ఉన్నాను. వార్త వచ్చిన రాత్రి క్యాంటీన్‌లో నా మిత్రుడు భోజనం ముందు పెట్టుకుని తినలేదు. చట్టం ప్రకారం ఆ పేలుడుకి అనుమతి ఉంది! మా రాష్ట్ర వారసత్వ చట్టంలో 18వ సెక్షన్ కింద మంత్రి నిర్ణయం మీద అప్పట్లో కంపెనీ అప్పీలుకి వెళ్లగలిగేది, ఆ నేల వాళ్లకి ఆ వీలు లేదు. నేను అన్న 'చట్టం ముందు అందరూ సమానం' అప్పుడు ఆ సెక్షన్‌లో లేదు. ఈ రెండూ ఇన్నాళ్లు నా బుర్రలో వేర్వేరు గదుల్లో ఉన్నాయి. మాస్టారు ఆ పిల్ల సంగతి చెప్పాక పక్కపక్కన చేరాయి.

ఒప్పందం అయితే నేను అవును అంటాను. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, నా మిత్రుడు అడిగిందీ అదే.

యారా ఒడ్డున (మెల్‌బోర్న్)

ఎర్రమట్టి గారూ, ఇది రాసినందుకు మీ మీద గౌరవం పెరిగింది.

ఒప్పందం విషయంలో నా భయం చెబుతాను. మా విక్టోరియాలో 2019లో ఆదివాసులు తమ అసెంబ్లీ ఎన్నుకున్నారు, 2025లో రాష్ట్ర పార్లమెంటు ఒప్పంద చట్టం చేసింది. మంచి రోజు. కానీ మేం గెలిస్తే దీన్ని రద్దు చేస్తామని ఇక్కడి ప్రతిపక్షం అప్పుడే చెప్పేసింది. క్వీన్స్‌లాండ్‌లో అదే జరిగింది కదా. ఒప్పందానికి దారి వేసే చట్టం 2023లో చేశారు, 2024లో ప్రభుత్వం మారగానే తీసేశారు. ఏడాదిన్నర బతికింది. దక్షిణ ఆస్ట్రేలియాలో చట్టంతో పెట్టిన వాయిస్‌కి 2024లో ఎన్నికలు జరిగాయి, దానికీ రాజ్యాంగం అండ లేదు. ఎన్నిక ఎన్నికకీ ఊపిరి బిగబట్టుకుని బతకాలి. అందుకే వాళ్లు ఉలురులో రాజ్యాంగం అడిగింది. రాజ్యాంగం అడిగితే మా అందరి ఓటు కావాలి. ఈ ముడి ఎలా విప్పాలో నాకు తెలియట్లేదు. పొగ పెట్టి స్వాగతం చెప్పిన ఆ పెద్దాయన్ని మొన్న మా పాప స్కూల్లో చూశాను. అప్పటిలాగే ఆకులు కాల్చి పిల్లల్ని పలకరిస్తున్నారు. దగ్గరికి వెళ్లి నేను యస్ రాశానండీ అని చెప్పాలనిపించింది. అది ఆయనకి చెప్పుకుంటే నా మనసు తేలికవుతుంది తప్ప ఆయనకి ఒరిగేది లేదని ఊరుకున్నాను.

శబరి గట్టు (చింతూరు)

మాస్టారూ, నియమగిరిలో ఊళ్ల వాళ్లే ఓటేశారని అంటారు కదా. అది ఎలా జరిగింది? మా కుర్రాళ్లకి చెప్పాలి.

పాడేరు మాస్టారు

ఓటు కాదు బాబూ, గ్రామసభ. ఒడిశాలో కొండ మీద వేదాంత కంపెనీకి బాక్సైట్ కావాలి. డోంగ్రియా కోంధులకి ఆ కొండే దేవుడు, నియమరాజా. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ ఊళ్లనే అడగండి అంది. దేశాన్ని కాదు, జిల్లాని కాదు. ఒడిశా ప్రభుత్వం వందకి పైగా పల్లెలుంటే 12 మాత్రం ఎంచింది. అవన్నీ చిన్న చిన్న పల్లెలు, కొన్నిట్లో ఓటర్లు కొద్దిమందే. చిన్నవి ఎంచితే తేలిగ్గా లొంగుతాయనుకున్నారేమో అని చాలామంది అప్పుడే అన్నారు.

మొదటి సభ జూలై 18న సెర్కపాడిలో, ఆఖరిది ఆగస్టు 19న జరపా అనే ఊళ్లో. వానల కాలం. జడ్జి గారు కొండెక్కి వచ్చి కూర్చున్నారు. రహస్య బ్యాలెట్ లేదు, గడిలో ఇంగ్లీషు మాట రాయడం లేదు. ఆడా మగా ఒకరి తర్వాత ఒకరు లేచి తమ భాషలో చెప్పారు, మా పిల్లలు మాట్లాడే కువి భాషే. పక్కన ఒకరు దాన్ని ఒడియాలో చెబుతుంటే అధికారులు రాసుకున్నారు. రాసింది చదివి వినిపించాక సంతకాలు, వేలిముద్రలు.

పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ గనికి అనుమతి లేదని చెప్పేసింది.